మాట పుట్టించే ఆట కొనండి



నింటెండో స్విచ్ వంటి చేతి వీడియో గేము ఉన్న తెలుగు ఇళ్ళు మా హోసూరు ప్రాంతంలో కూడా ఇప్పుడు కొన్ని ఉన్నాయి. స్వయంగా కొన్నవారి కంటె విదేశాల నుండి మేనమామలో బాబాయిలో తెచ్చి ఇవ్వగా పుచ్చుకొన్నవారే ఎక్కువ. యంత్రం ఇంటికి వచ్చిన వారానికి నాకు ఒక ప్రశ్న వస్తుంది: "సార్, దీంట్లో చదువుకు పనికివచ్చే గేములు ఏవి?" ఈ ప్రశ్నే సరికాదని చెప్పడానికి ఈ వ్యాసం వ్రాస్తున్నాను. తెలుగునాటికి వెలుపల తరాల తరబడి నిలిచిన మనవంటి కుటుంబాలవారు అడగవలసిన ప్రశ్న వేరే ఉన్నది. ఈ ఆట ఆడుతున్నంతసేపు మా ఇంట్లో ఎవరు ఎవరితో ఏ భాషలో మాట్లాడతారు? అది అడగండి.

ఎందుకంటారా? పిల్లవాని దినాన్ని లెక్కవేసి చూడండి. తమిళనాట 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం 2006-07లో ఒకటవ తరగతితో మొదలై, ఏటా ఒక తరగతి చొప్పున పైకి సాగి, 2015-16 నాటికి పదవ తరగతిని చేరింది. బడిలో తమిళం, ఇంగ్లీషు. వీధిలో తమిళం, కొంత కన్నడం. తమిళం నేర్వడం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఉన్న నేల భాష రాకుండా బ్రదకడం తెలివైన పని కాదు. నా బాధ మిగిలిన కాలాన్ని గురించి. బడి విడిచిన తరువాత నిద్రపోయేలోగా ఉండే కొద్ది గంటలే పిల్లవాని తెలుగుకు మిగిలినవి. అందులో ఇంటిపని, ట్యూషను పోగా దక్కే ఒక గంటను మనం ఈ యంత్రానికి అప్పగిస్తున్నాం. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి మూలన కూర్చోబెడితే ఆ గంటలో వాని నోట ఒక్క తెలుగు మాట పుట్టదు. సోమవారం నాడు నా తరగతిలో ఆ సంగతి నాకు తెలిసిపోతుంది.

యంత్రం తెలుగు పలుకదా అంటే, పలుకదు. స్విచ్ భాషల పట్టికలో జపనీయం, ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను, కొరియా, చీనా భాషలు ఉన్నాయి. డచ్చి కూడా ఉన్నది. 2011 జనాభా లెక్కల్లో 8 కోట్ల 11 లక్షల మంది మాతృభాషగా చెప్పుకొన్న తెలుగు లేదు. తమిళం, కన్నడం, హిందీ కూడా లేవు. దీనికి వగచి కూర్చోనక్కరలేదు. యంత్రానికి తెలుగు రాకపోయినా, దాని ముందు కూర్చున్న ఇద్దరికి వస్తే మన పని జరుగుతుంది. అయితే ఆ ఇద్దరిచేత మాట్లాడించే ఆట కావాలి.

ముందు ఈ "చదువు గేముల" బండారం చూద్దాం. 2005లో జపానులో, నింటెండో డీఎస్ అనే అప్పటి చేతియంత్రానికి, ర్యూటా కవాషిమా అనే శాస్త్రజ్ఞుని పేరు మీద మెదడుకు వ్యాయామం కలిగించే గేము ఒకటి వచ్చింది. ప్రపంచమంతటా కోటికి పైగా అమ్ముడుపోయింది. అందులో ఒక పరీక్ష ఉన్నది: తెరమీద కనబడే అక్షరాల రంగు ఏదో పైకి చెప్పాలి, యంత్రం విని మార్కు వేస్తుంది. ఇంగ్లీషు ప్రతిలో "బ్లూ" అంటేనే ఒప్పు. "నీలం" అన్న పిల్లవానికి సున్న. ఏ తెలుగు ఇంట్లోనైనా తల్లి తన చేతిడబ్బు పెట్టి ఇటువంటి పంతులును కొని తెచ్చుకోవాలా? పోనీ, మెదడైనా పెరుగుతుందా? ఫోన్లలో, కంప్యూటర్లలో మెదడు ఆటలు అమ్మిన లుమోసిటీ సంస్థ, మోసపుచ్చే ప్రకటనలు చేసిందన్న అభియోగం మీద 2016 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 20 లక్షల డాలర్లకు రాజీ పడింది. "విద్యాత్మకం" అని పెట్టె మీద అచ్చువేయడానికి సిరా ఖర్చు తప్ప మరేమీ కాదు.

పెట్టె మీద వయస్సు అంకెలు కూడా ఉంటాయి. ఐరోపా పెట్టెల మీద 3, 7, 12, 16, 18 అని వేస్తారు. వాటిని తప్పక చూడండి, చిన్నపిల్లలకు 16, 18 అంకెలవి కొనకండి. అయితే ఆ అంకెలు హింస, భయం, బూతు, జూదం వంటివాటిని గురించి చెబుతాయి. ఇంట్లో మౌనాన్ని గురించి చెప్పవు. 3 అంకె ఉన్న గేము కూడా పిల్లవాని నోరు గంటసేపు మూయించగలదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన పిల్లల తెలుగులో ముందుగా ఎండిపోతున్నవి క్రియలు. నామవాచకాలను వాచకం నేర్పుతుంది. బొమ్మ చూపి "చెట్టు" అంటే వస్తుంది. క్రియ అట్లా రాదు. పని జరుగుతుండగా, పక్కనున్నవాడు చెప్పగా రావాలి. పని తగ్గింది, పక్కనున్నవాడూ తగ్గాడు. అందుచేత మన పిల్లలు "జంప్ చెయ్యి", "పుష్ చెయ్యి", "కట్ చెయ్యి", "రొటేట్ చెయ్యి" అని ఒక్క "చెయ్యి"తోనే సంసారం ఈదుతున్నారు. దుముకు, నెట్టు, కత్తిరించు, తిప్పు ఏమైనాయి? ఈ జబ్బు విజయవాడలోనూ ఉన్నది, హైదరాబాదులోనూ ఉన్నది. కాని అక్కడి పిల్లవాడు వీధిలోకి వెళితే ఎవరో ఒకరు "దూకరా" అంటారు. మనవానికి ఆ వీధి లేదు. ఒక్క ఇల్లే ఉన్నది.

వీడియో గేము అన్నది క్రియల మూట. అందులో ఎవరో ఒకరు ఎప్పుడూ ఎక్కుతూ, దిగుతూ, మోస్తూ, విసురుతూ ఉంటారు. ఇద్దరు కలిసి ఆడవలసినదైతే ఆ క్రియలు నోటికి రాక తప్పదు. స్విచ్‌తోపాటే 2017 మార్చిలో వచ్చిన స్నిపర్‌క్లిప్స్ చూడండి. రెండు కాగితపు బొమ్మలు. ఒకదానిమీద ఒకటి పడి, ఒకదాన్ని ఒకటి కత్తిరించి, కావలసిన ఆకారాలు చేసుకొని, బంతిని బుట్టలో వేయడమో, పెన్సిలు చెక్కడమో చేయాలి. నోరు మూసుకొని ఈ ఆట ఆడడం కష్టం. "కొంచెం వంగు. అట్లా కాదు, ఇటు తిరుగు. నా మీద ఎక్కు. ఆ మూల కత్తిరించు. ఒరగకు, పడిపోతుంది!" పది నిమిషాల్లో ఇరవై క్రియలు, అన్నీ విధ్యర్థకాలు, అన్నీ అర్థవంతంగా, తప్పు చెబితే బంతి కిందపడే అవసరంతో. నేను నల్లబల్ల మీద ఒక నెల వ్రాసినా ఇంత పని జరగదు. కార్డు రూపంలో కావలసినవారికి అదే సంవత్సరం నవంబరులో వచ్చిన స్నిపర్‌క్లిప్స్ ప్లస్ ఉన్నది. అవ్వను పక్కన కూర్చోబెట్టి ఆడించండి. ఆమెకు మీటలు తెలియకపోయినా "ఒరగదీయి" అన్న మాట తెలుసు, అది మీ పిల్లవానికి తెలియదు.

ఒక జాగ్రత్త. పిల్లవాడు "రొటేట్ చెయ్యి" అన్నప్పుడు ఆట ఆపి తప్పు దిద్దకండి. జరిమానాలు పెట్టకండి. వాడు మాట్లాడడమే మానుకొంటాడు. మీరు "తిప్పుతున్నా, తిప్పుతున్నా" అనండి, చాలు. "దుముకు" అన్నా "దూకు" అన్నా "ఎగురు" అన్నా మన ఇంటి తెలుగే. పుస్తకపు తెలుగు కాదని చిన్నబోకండి.

2019లో వచ్చిన అన్‌టైటిల్డ్ గూస్ గేమ్ మరొకటి. ఒక అల్లరి బాతు ఒక పల్లెను అల్లకల్లోలం చేస్తుంది. సంభాషణలు లేవు. చేయవలసిన పనుల చిట్టా ఒకటి మాత్రం ఇంగ్లీషులో ఉంటుంది. అది మనకు లాభమే. పెద్దపిల్ల చిట్టా చదివి తమ్మునికి తెలుగులో చెప్పాలి: తోటమాలిని తడుపు, వాని తాళంచెవులు ఎత్తుకొనిపో, ఎండటోపీ పెట్టుకొనేట్లు చెయ్యి. తడియడానికి, తడపడానికి ఉన్న భేదాన్ని వ్యాకరణ పాఠంలో చెబితే ఆవలింతలు వస్తాయి. ఇక్కడ తోటమాలే తడుస్తాడు, బాతే తడుపుతుంది. 2020లో ఇద్దరు ఆడే వీలు కూడా కలిపారు. దొంగతనం నేర్పుతున్నదని కొందరు తల్లులు అంటున్నారు. కాకి, నక్క ఒకరినొకరు మోసగించని కథ మన వాచకాల్లో ఎన్ని ఉన్నాయో చెప్పండి.

2020 జూనులో వచ్చిన క్లబ్‌హౌస్ గేమ్స్‌లో 51 ఆటలున్నాయి. వాటిలో మంకాల అన్నది చూడగానే మీ ఇంటి అవ్వ పోల్చుకొంటుంది. అది మన వామనగుంటలకు చుట్టం. తమిళుల పల్లాంగుళి కూడా ఆ కుటుంబమే. పచ్చీసు నుండి పుట్టిన లూడో కూడా అందులో ఉన్నది. తెర మంకాలలో ఒక్కొక్కరికి 6 గుంటలు, ఒక గాదె. మన పలకమీద 7, 7 మొత్తం 14. తెరమీద చివరి గింజ తన గాదెలో పడితే మళ్ళీ తన వంతే. మన పద్ధతిలో చివరి గింజ వేసిన తరువాత పక్కగుంట తీసి మళ్ళీ పంచుకొంటూ పోవాలి. పక్కగుంట వట్టిదైతే దాని అవతలి గుంట దక్కుతుంది. ఒక వారం తెరమీద ఆడనిచ్చి, తరువాత చింతగింజలు నేలమీద పోసి, "రెండింటికీ తేడా ఏమిటో అవ్వకు చెప్పు" అనండి. "పడితే", "వట్టిదైతే", "లేకపోతే" అనకుండా వాడు ఆ తేడా చెప్పలేడు. చింతగింజలే ఉండగా యంత్రం ఎందుకని అడుగుతారేమో. పిల్లవాడు చింతగింజల దగ్గరకు తనంతట వస్తే ఎందుకూ అక్కరలేదు. వస్తున్నాడా?

టెట్రిస్‌ను మరువకండి. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ కనిపెట్టిన ఆట. 1989లో గేమ్ బాయ్ అనే చేతియంత్రంతో లోకమంతా చుట్టింది. ఆడడానికి ఏ భాషా అక్కరలేదు. నాలుగేసి చదరాల ముక్కలు ఏడు, వాటికి ఇంగ్లీషు అక్షరాల పేర్లు పెట్టి పిలుస్తారు. మనం ఎందుకు పిలవాలి? పొడుగుది రోకలి, చదరంది పీట, మధ్యలో పొడిచినది సుత్తి, అటూ ఇటూ మడిచినవి కుడికాలు, ఎడమకాలు, వంకరవి రెండూ మెట్లు. పేర్లు మీరు పెట్టకండి, పిల్లలను పెట్టనివ్వండి. ఒకరు ఆడుతుంటే మరొకరు రాబోయే ముక్క పేరు అరవాలి.

మారియో కార్ట్ వంటి పందెపు ఆటలు పండుగనాడు బాగానే ఉంటాయి, కాని అరుపులను నేను మాటలుగా లెక్కించను. 2020 మార్చిలో వచ్చిన యానిమల్ క్రాసింగ్ మంచి మనసున్న ఆటే. అయితే దాని నిండా ఇంగ్లీషు మాటలు, పైగా ఒక యంత్రానికి ఒకే దీవి. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో అది భూతగాదా. పదేళ్ళు దాటిన పిల్లకు ఇవ్వండి, రాత్రి భోజనాల దగ్గర ఈనాడు దీవిలో ఏమి జరిగిందో చెప్పించండి.

ఇంకా కొననివారికి ఒక మాట. 2019లో వచ్చిన స్విచ్ లైట్ ధర తక్కువ అని దాన్ని తేకండి. మామూలు స్విచ్‌కు రెండు పక్కల ఉన్న మీటల ముక్కలు ఊడివస్తాయి, ఒక్కొక్కటి ఒక్కొక్కరి చేతికి ఇవ్వవచ్చు. లైట్‌కు అవి అతికే ఉంటాయి. ఇద్దరు ఆడాలంటే వేరే కొనాలి, చిన్న తెరను ఇద్దరు పంచుకోవాలి. అది ఒంటరి ఆటకు చేసిన వస్తువు. రోజుకు ఇంతసేపు అని నియమం పెట్టడానికి నింటెండోవారి ఫోను యాప్ ఉన్నది, వాడండి. హెడ్‌ఫోన్లు బీరువాలో పెట్టి తాళం వేయండి.

"ఉపాధ్యాయుడవై ఉండి గేములు కొనమంటావా?" అని తోటి ఉపాధ్యాయులు కొందరు నన్ను నిలదీశారు. నేను కొనమనడం లేదు. కొన్నవారి ఇంట్లో ఏమి జరగాలో చెబుతున్నాను. నిషేధం ప్రకటించి చేతులు దులుపుకొంటే మన గౌరవం దక్కుతుంది, యంత్రం మాత్రం ఆ ఇంట్లోనే ఉంటుంది, ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడుతూ ఉంటుంది.

బళ్ళారి, బరంపురం, షోలాపురం మిత్రులు మీ పిల్లల నోట ఇంకా ఏ క్రియలు బ్రతికి ఉన్నాయో వ్రాయండి. తిప్పడం, ఒరగదీయడం, నెట్టడం, ఈడ్చడం, ఈ నాలుగింటికి మీ ఇళ్ళలో ఏమంటారో ముందుగా కావాలి. యానాంవారికి చుట్టూ తెలుగే కనుక వారి జాబితా మా కంటె పొడుగ్గా ఉంటుందని ఆశిస్తున్నాను. జాబితాలు వస్తే వాటిని ఆటల పేర్ల ఎదుట వేసి, ఏ ఆటకు ఏ క్రియలు అన్న పట్టిక ఒకటి వేసవి సెలవులలోగా తయారుచేస్తాను.