విశ్రాంతి ఎవరికండీ?

"ప్రకృతి ఒడిలో నాలుగు రోజులు విశ్రాంతి తీసుకుందాం" అంటారు మగవాళ్లు. ఎవరికండీ విశ్రాంతి?

రామేశ్వరం వెళ్లే మన కుటుంబాల్ని గమనించండి. ఇరవై రెండు తీర్థాల్లో స్నానం, స్వామి దర్శనం అయ్యాక ధనుష్కోటి దాటి అరిచల్ మునై దాకా వెళతారు. మూడువైపులా నీళ్లు, మధ్య సన్నటి ఇసుక నాలుక. ఒకపక్క బంగాళాఖాతం, మరోపక్క మన్నార్ సింధుశాఖ. 1964 డిసెంబరు తుపానులో ధనుష్కోటి ఊరినీ, ప్యాసింజరు రైలునూ సముద్రం మింగేసింది. చర్చి మొండిగోడలు మాత్రం మిగిలాయి. నోరు మూసుకుని ఓ గంట కూర్చోవలసిన చోటది.

కూర్చునేదెవరు? శ్రీవారు! ఇల్లాలు పులిహోర పొట్లాలు విప్పుతుంది, చెప్పులకు కాపలా కాస్తుంది, తడిసిన పిల్లల్ని తుడుస్తుంది, అత్తగారి మాత్రలు వెతుకుతుంది. నేనూ ఆ కాపలా కాసినదాన్నే. "అటు చూడవోయ్, ఎంత బావుందో!" అన్నారు మావారు. అటు చూస్తే, ఇటు చిన్నాడు నీళ్లలోకి పరుగు!

"పిల్లల్ని చూసుకోవడం తల్లికి ఆనందమే కదా" అంటారా? ఆనందమే. ఆ ఆనందం గంటసేపు తండ్రిగారూ పంచుకోవచ్చుగా! ఊరు మారినంత మాత్రాన విశ్రాంతి రాదు. పని చేసే చేతులు మారాలి.

నాలుగడుగులు వేస్తే రెండు సముద్రాలు కనిపించే చోట, ఇల్లాలికి ఒక్కటైనా దక్కనివ్వండి. అందాకా చెప్పులు మీరు చూసుకోండి.