స్లాబు పోసే రోజు ఎవరొస్తారు?

ఉత్తరాంధ్రలో పాత రైల్వే కుటుంబాలకు గార్డెన్ రీచ్ అంటే హెడ్డాఫీసు. వాల్తేరు డివిజన్ ఆగ్నేయ రైల్వేలో ఉన్నంతకాలం, అంటే 2003 దాకా, పెద్ద ఉత్తర్వు ఏదైనా కలకత్తా గార్డెన్ రీచ్ నుంచే దిగేది. అదే పేరు 2024 మార్చి 17 అర్ధరాత్రి మరో కారణంతో దేశమంతా వినబడింది. అక్కడి అజహర్ మొల్లా బాగాన్‌లో కడుతున్న అయిదంతస్తుల భవనం పక్కనున్న గుడిసెల మీద కూలింది. కనీసం 12 మంది చనిపోయారు. ఆ భవనానికి అనుమతే లేదని మేయర్ ఫిర్హాద్ హకీం ప్రకటించారు. ప్రొమోటర్‌ని అరెస్టు చేశారు. కార్పొరేషన్ ఇంజనీర్లకు షోకాజ్ నోటీసులు వెళ్లాయి.

‘అనుమతి లేదు’ అన్న ఆ ఒక్క మాటతో చాలామందికి లెక్క తేలిపోయింది. కాగితం లేదు గనక కూలింది. ఆలస్యానికీ లంచాలకీ జడిసి కాగితం తీసుకోలేదు. కాబట్టి కాగితాన్ని ఆన్‌లైన్‌లో, త్వరగా, కట్టుకునేవాడి సొంత ధ్రువీకరణ మీద ఇచ్చేస్తే అంతా సర్దుకుంటుంది. బిల్డర్ల సంఘాలు ఈ మాటే అంటాయి, మంత్రులు ఈ మాటే అంటారు, సంపాదకీయాలూ దీన్నే బలపరుస్తాయి. మన రెండు రాష్ట్రాల్లోనైతే ఇది దాదాపు మతం. లంచం సంగతి నిజమే. కానీ అనుమతి సులువైతే భవనం గట్టిపడుతుందన్నది మాత్రం శుద్ధ అబద్ధం.

సాక్ష్యానికి దూరం పోనక్కర్లేదు. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో 11 అంతస్తుల భవనం కుప్పకూలి 61 మంది ప్రాణాలు తీసింది. చనిపోయినవాళ్లలో విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి కూలికి వెళ్లినవాళ్లు ఎందరో. దానికి అనుమతి ఉంది. సాక్షాత్తూ చెన్నై మెట్రోపాలిటన్ డెవలప్‌మెంట్ అథారిటీ ఇచ్చిన అనుమతి. దాని జంట భవనాన్ని 2016 నవంబరులో పేలుడు పదార్థాలు పెట్టి నేలమట్టం చేయాల్సి వచ్చింది. నెల తిరిగేసరికి, డిసెంబరు 8 రాత్రి, హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో ఏడంతస్తుల భవనం పడి 11 మంది పోయారు. దానికి అనుమతి లేదన్నారు. ఉన్నదీ కూలింది, లేనిదీ కూలింది.

అసలు అనుమతిచ్చేవాళ్లు చూసేదేమిటి? ముందు రోడ్డు ఎన్ని అడుగులు, సెట్‌బ్యాక్ ఎంత వదిలారు, ఎత్తెంత, పార్కింగ్ ఉందా, ఫీజు కట్టారా. ఇవన్నీ అవసరమే, కాదనను. వాటితో పాటు స్ట్రక్చరల్ డ్రాయింగ్ కూడా ఫైల్లో ఉంటుంది. డ్రాయింగ్‌లో ప్రతి స్తంభానికీ రింగులు సరైన ఎడంలోనే ఉంటాయి. ఎందుకుండవు, గీసేదే కదా! సైటులో వేరు. రింగు కట్టేవాడికి రోజుకూలి, కట్టించేవాడికి టన్ను ఉక్కు ధర. కవర్ బ్లాకులు పెట్టకుండా కడ్డీలు సెంట్రింగ్ చెక్కల మీదే పరిచేస్తారు. కాంక్రీట్ సులువుగా జారాలని నీళ్లు ఎక్కువ కలుపుతారు. ఇక సెంట్రింగ్ సామానుకు రోజువారీ అద్దె. స్లాబు కింది పోట్లు నాలుగున్నర మీటర్ల లోపు స్పానుకు 7 రోజులు, దాటితే 14 రోజులు ఉంచాలని భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. మామూలు సిమెంటైతే కనీసం 7 రోజులు తడపాలనీ చెబుతుంది. అద్దె మీటరు తిరుగుతుంటే ఆ రోజులు లెక్కపెట్టే మేస్త్రీలు ఎందరు? స్లాబు పోశాక లోపలి ఇనుమును కళ్లతో చూడగలిగినవాడు లేడు. చూడగలిగేది పోతకు ముందు ఆ కొన్ని గంటలే. ఆ గంటల్లో అక్కడ ఉండేది కాంట్రాక్టరూ కూలీలూ మాత్రమే. అనుమతి కౌంటరు సంస్కరణ ఎంత గొప్పదైనా ఆ గంటల జోలికి రాదు.

కలకత్తా సంగతికొస్తే మట్టి కూడా శత్రువే. గంగ తెచ్చి పోసిన మెత్తటి బంకమన్ను. మీదట పూడ్చేసిన చెరువులు. పూడ్చిన చెరువు నాలుగేళ్లకు చదునుగా, అమాయకంగా కనిపిస్తుంది. ప్లాను కాగితం మీద అది మామూలు స్థలమే.

గార్డెన్ రీచ్ తర్వాత కలకత్తా కార్పొరేషన్ ఊరుకోలేదు. బిల్డింగ్ విభాగం ఇంజనీర్లు వార్డుల్లో తిరగాలి, ఎక్కడెక్కడ చూశారో నమోదు చేయాలి అంది. మంచిదే. అయితే ఆ గస్తీ దేనికోసం? అనుమతి లేకుండా లేస్తున్న భవనం దొరుకుతుందేమోనని. అంటే మళ్లీ కాగితం వేటే. వీధిలోంచి చూస్తే అంతస్తులు లెక్కపెట్టగలం, రింగులు లెక్కపెట్టలేం. పది నెలలు తిరక్కుండా, 2025 జనవరి 14న, బాఘాజతీన్‌లో నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్ పక్కకు ఒరిగిపోయింది. అప్పటికే కుంగిన భవనాన్ని జాకీలతో ఎత్తి సరిచేస్తుండగా జరిగిన పని అది. ఆ ఎత్తే పనికి తమను అడగలేదని కార్పొరేషన్ అంది. అదృష్టవశాత్తూ కాపురమున్నవాళ్లు ముందే ఖాళీ చేశారు. బాఘాజతీన్ దేశవిభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్న కాలనీ ప్రాంతం. అలాంటి చోట్ల స్థలాలు కాఠాల్లో ఉంటాయి. ఒక కాఠా మన లెక్కలో 80 గజాలు. అంత చిన్న జాగాలో సెట్‌బ్యాకులు వదిలితే మిగిలేదేముంటుంది? చిన్నవాడికి కుదరని నిబంధన పెట్టి, కుదరనందుకు కాగితం ఆపి, కాగితం లేదు గనక తనిఖీ కూడా మా బాధ్యత కాదనడం కన్నా అన్యాయం లేదు.

ఇక్కడ హైదరాబాద్ వాళ్లు కాలరెగరేస్తారు. 2020లో టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ అనుమతి పద్ధతి వచ్చింది. 75 గజాల లోపైతే అనుమతే అక్కర్లేదు, ఒక్క రూపాయితో నమోదు చాలు. 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు వరకూ సొంత ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి. పెద్దవాటికి 21 రోజులు. దాని స్థానంలో ఇప్పుడు వచ్చిన బిల్డ్‌నౌ డ్రాయింగును నిమిషాల్లో సరిచూస్తుందట. సామాన్యుడికి మునిసిపల్ ఆఫీసు మెట్లు తప్పించిన ఈ మార్పును నేను తక్కువ చేయను. కానీ 2024 నవంబరులో గచ్చిబౌలి సిద్ధిఖ్‌నగర్‌లో చిన్న జాగాలో లేచిన బహుళ అంతస్తుల భవనం ఒరిగినప్పుడు, పక్కన పునాదికి తీసిన గొయ్యే కారణమన్నారు. మర్నాడే దాన్ని కూల్చేశారు. ఏ సాఫ్ట్‌వేర్ పక్కింటి గొయ్యిలోకి తొంగిచూస్తుంది? నిర్మాణంలో 10 శాతం తనఖా పెట్టించుకునే మన పద్ధతి కూడా ప్లాను దాటకుండా ఆపడానికే, బలం చూడటానికి కాదు.

తనిఖీలు పెంచితే లంచాలు పెరుగుతాయని కాంట్రాక్టర్లు అంటారు. ఈ వాదనకు బలం ఉంది, అనుభవం ఉంది. అయితే లంచం పుట్టేది తనిఖీలోంచి కాదు, ఎప్పుడొస్తాడో తెలియని తనిఖీదారులోంచి. బుద్ధి పుట్టినప్పుడు వచ్చి పని ఆపేవాడు కవరు కోసం వస్తాడు. ఫలానా తేదీన వచ్చి, ఫుటింగ్ ఇనుము చూసి, పేరు రాసి సంతకం పెట్టాల్సినవాడు రేపు కూలితే జవాబు చెప్పాలి. ఫుటింగ్, ప్లింత్, ప్రతి స్లాబు: ఈ దశల్లో తనిఖీ సంతకం లేకుండా కాంక్రీట్ పోయకూడదు. కాంట్రాక్టర్ రెండు రోజుల ముందు కబురు పెట్టాలి. వచ్చే ఇంజనీర్‌ను కట్టించేవాడు ఎంచుకోకూడదు. కార్పొరేషన్ జాబితాలోంచి లాటరీలో పేరు తీయాలి, ఫీజు కార్పొరేషన్‌కే కట్టాలి. గడువులో రాకపోతే జరిమానా రానివాడికి. పని ఆగిన రోజులకు నష్టపోయేది కాంట్రాక్టర్ కాబట్టి ఈ చివరి షరతు లేకుండా మిగతావి అడగడం న్యాయం కాదు.

ఎంచుకోకూడదు అనడం ఎందుకంటే, ఇప్పుడు కలకత్తాలోనైనా మన దగ్గరైనా సంతకం పెట్టే సర్వేయరూ స్ట్రక్చరల్ ఇంజనీరూ యజమాని జీతగాళ్లే. జపాన్ 1998లో భవనాల ఆమోదాన్ని ప్రైవేటు సంస్థలకు తెరిచింది. 2005లో ఒక ఆర్కిటెక్టు దొంగ లెక్కలతో భవనాలకు ఆమోదం పొందాడని బయటపడి దేశం ఉలిక్కిపడింది. ఆ తర్వాత లెక్కల్ని మరొకరు సరిచూడాలని చట్టం మార్చారు. లండన్ గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదంలో 2017లో 72 మంది చనిపోయాక బ్రిటన్ ఎత్తైన నివాస భవనాల విషయంలో తనిఖీదారును ఎంచుకునే హక్కును బిల్డర్ల చేతిలోంచి లాక్కుంది.

మన దగ్గర కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు దేశంలోని ప్రతి స్థానిక సంస్థకూ వర్తిస్తాయి. ఆమోదించిన ప్లానును పని జరిగినంతకాలం సైటులో ప్రదర్శించాలి. అధికారులు మధ్యమధ్య తనిఖీ చేసి, ఆ రికార్డు ఉంచుకోవాలి. పని పూర్తయినట్టు ధ్రువపత్రం లేకుండా ఇల్లు అప్పగించకూడదు. కలకత్తాలో ఫ్లాట్ కొంటున్నా, కాకినాడలో కట్టిస్తున్నా, అనుమతి ఎన్ని రోజుల్లో వచ్చిందని కాదు, ఆ తనిఖీ రికార్డు చూపించమని కాంట్రాక్టర్‌నీ మునిసిపాలిటీనీ అడగండి. లేదంటే రాతపూర్వకంగా లేదని ఇమ్మనండి.