అమ్మమ్మ వంటకు అయిదు నక్షత్రాలు

ఈమధ్య ఏ పెద్ద హోటల్ మెనూకార్డు తిరగేసినా ముద్దపప్పు, ఆవకాయ, రాగిసంకటి, గోంగూర, ఉలవచారు కనిపిస్తున్నాయి. పేరు ముందు ‘అమ్మమ్మ చేతి’ అనో, ‘పల్లెటూరి’ అనో ఓ తోక. ఇత్తడి పళ్లెంలో అరిటాకు ముక్క, దానిమీద గుప్పెడు అన్నం, బుల్లి గిన్నెలో నెయ్యి. ఒకప్పుడు హోటలుకెళ్తే ఇంట్లో దొరకనివే తినాలనుకునేవాళ్లం. పనీర్ బటర్ మసాలా, గోబీ మంచూరియా మన నోటికి అలవాటైంది అలాగే. ఇప్పుడేమో ‘మళ్లీ పప్పేనా’ అని పిల్లలు మొహం ముడుచుకునే పప్పుకే అక్కడ వందలు పోస్తున్నాం. రాగిసంకటి సంగతి మరీ చిత్రం. రాయలసీమలో కూలిపనికి వెళ్లేవాళ్ల తిండి అది. బియ్యం కొనే స్తోమత రాగానే ఎన్నో ఇళ్లు దాన్ని వదిలేశాయి. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది కదా, ఇప్పుడు సంకటిముద్దకు నక్షత్రాల హోటళ్లలోనూ పీట వేస్తున్నారు.

ఇది మన దగ్గరే కాదు. న్యూయార్క్‌లో సెమ్మ అని ఓ రెస్టారెంటు ఉంది. అక్కడి వంటమాస్టరు విజయ్‌కుమార్‌ది తమిళనాడులోని నత్తం. చిన్నప్పుడు పొలాల్లో ఏరుకొచ్చి వండుకున్న నత్తల కూరకే అక్కడ పెద్ద పేరు. 2022లో ఆ రెస్టారెంటుకు మిషెలిన్ నక్షత్రం దక్కింది. 2025 జూన్‌లో విజయ్‌కుమార్ పంచె కట్టుకెళ్లి, అమెరికాలో వంటవాళ్లకిచ్చే పెద్ద గౌరవం జేమ్స్ బియర్డ్ అవార్డు అందుకున్నాడు. లేనివాళ్ల తిండని దాచుకున్న వంట తలెత్తుకు నిలబడితే సంతోషమే. కానీ ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ కూరలు తరతరాలుగా వండిన ఆడవాళ్లకు కనీసం ‘ఉప్పు సరిపోయింది’ అన్న మాటైనా దక్కిందో లేదో.

సరే, మన బిల్లు సంగతి చూద్దాం. పావుకిలో కందిపప్పు, నాలుగు టమాటాలు, తిరగమోత అన్నీ కలిపినా నలుగురికి ఇంట్లో వంద రూపాయలు దాటదు. హోటల్లో మనం కట్టేది ఏసీకి, అద్దెకు, లైట్ల వెలుగుకు, వడ్డించే పిల్లల జీతానికి. దాన్ని తప్పనడానికి లేదు. ఆపైన పన్ను. మామూలు రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతం. గది అద్దె రోజుకు 7500 రూపాయలు దాటే పెద్ద హోటళ్లలోని భోజనశాలల్లో 18 శాతం. ఇవి తప్పవు. తప్పించుకోగలిగింది ‘సర్వీస్ చార్జి’. అడక్కుండా దాన్ని బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలోనే చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టూ ఆ మాటే ఖాయం చేసింది. బిల్లులో కనిపిస్తే తీసేయమని అడగండి, వినకపోతే 1915 నంబరుకు ఫోన్ చేయండి. పక్కటేబులు వాళ్లు ఏమనుకుంటారోనని నోరు మూసుకునేది ఎక్కువగా మనమే.

బయటి తిండి అంటే ఎప్పుడో పండక్కో పబ్బానికో అనుకుంటాం గానీ లెక్కలు వేరేలా ఉన్నాయి. 2023-24 కుటుంబ వ్యయ సర్వే ప్రకారం పట్టణాల్లో వంద రూపాయల ఇంటిఖర్చులో దాదాపు 40 తిండికే. అందులో 11 రూపాయలు పానీయాలకు, ప్యాకెట్ తిళ్లకు, బయట తయారైన వాటికి పోతున్నాయి. పాలకు గానీ, కూరగాయలకు గానీ విడివిడిగా పెట్టేది ఇంతకన్నా తక్కువే. ఇది చూపించి ‘ఆడవాళ్లకు వంట మీద బద్ధకం పెరిగింది’ అనేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు.

వాళ్లకు మరో లెక్క చెప్పాలి. ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారని 2024 కాల వినియోగ సర్వే తేల్చింది. అంటే అయిదు గంటలకు పదకొండు నిమిషాలు తక్కువ. మగవాళ్లు 88 నిమిషాలు. అదీ అసలంటూ పని చేసే మగవాళ్ల సగటు! 2019లో ఈ అంకెలు 299, 97. అయిదేళ్లలో మనకు పది నిమిషాలు తగ్గితే వాళ్లకూ తొమ్మిది తగ్గాయి. మరి ఆ పని మిక్సీలకు పోయిందో, పనిమనిషికి పోయిందో!

‘ఏముంది, ఇంత పప్పూ చారూ పడెయ్’ అంటారు. సింపుల్ భోజనమట! రాత్రే పాలు తోడుపెట్టాలి. చింతపండు నానెయ్యాలి. పప్పు ఉడికేలోపు కూర తరగాలి. పచ్చడికి వేయించుకోవాలి. అప్పడాలు వేయించి అన్నం వార్చేసరికి ఎవరో ఒకరు ‘పెరుగు పుల్లగా ఉంది’ అంటారు. హోటల్లో ఈ పనులకు తలో మనిషి ఉంటాడు, నెల తిరిగేసరికి జీతం ఉంటుంది. ఆదివారం గొప్ప హోటలుకు తీసుకెళ్లి, మిగతా ఆరు రోజులకూ అదే పరిహారం అనుకునే భర్తలున్నారు. ఆ ఆరు రోజుల్లో రెండు పూటలు కుక్కరు పెట్టి కూరగాయలు తరిగితే ఆ డబ్బూ మిగులుతుంది.

నన్నడిగితే, మన ఊళ్లలో ఈ గొడవకు దారి చూపించింది కర్రీ పాయింట్లు. అన్నం ఇంట్లో వండుకుని, కూర, సాంబారు ప్యాకెట్లు తెచ్చుకుంటే సాయంత్రం ఆఫీసు నుంచొచ్చిన మనిషికి ఓ గంట మిగులుతుంది. నూనె కాస్త ఎక్కువే, రోజూ తింటే కడుపు ఒప్పుకోదు. అయినా వాటిలో చాలా చోట్ల గరిటె పట్టేది ఆడవాళ్లే. తెలంగాణలో 2024లో మొదలైన ఇందిరా మహిళా శక్తి క్యాంటీన్లను నడిపేదీ స్వయం సహాయక సంఘాల మహిళలే. ఇంట్లో ఊరికే పోయిన చేతివంటకు అక్కడ రూపాయి వస్తోంది. ఎంత వస్తోంది, అది ఎవరి చేతికి చేరుతోంది అన్నది మనం అడుగుతూ ఉండాల్సిన ప్రశ్న.

మా వీధిలో ఒకావిడ అలాంటి క్యాంటీన్లోనే వండుతుంది. పొద్దస్తమానం యాభై మందికి వండి ఇంటికొచ్చాక మళ్లీ పొయ్యి ముట్టుకోదు. ఇంటర్ చదివే కొడుకు అన్నం వండి, చారు కాచి పెడతాడట. చారులో ఎప్పుడూ ఇంగువ ఎక్కువే వేస్తాడని నవ్వుతూ చెబుతుంది.