జర్మనోళ్లు సోమరులైతే మనమేంది?

పోస్టు పొడుగుంటది, ఓపికున్నోళ్లే చదవండి. కొంచెం కోపంతోనే రాస్తున్న, ముందే చెప్తున్న.

పోయిన ఆదివారం స్టుట్‌గార్ట్‌ల మనోళ్ల రూముకు బువ్వకు పోయిన. ఆరుగురం ఉన్నం. కోడికూర మంచిగ చేసిండ్రు. తిన్నంతసేపు ఒకటే ముచ్చట, జర్మనోళ్ల మీద నవ్వుడు. "నాలుగైతే చేతిల పార కింద పడేసి పోతరు." "ఆదివారం ఊరంత చచ్చినట్టుంటది, ఉప్పు ప్యాకెట్ దొరకదు." "జలుబు చేసినా డాక్టర్ చిట్టి తెచ్చి పండుకుంటరు." "సోమరిపోతులు అన్నా వీళ్లు, మనం లేకపోతే వీళ్ల ఇండ్లు లేవవు." ఆఖరికి ఒక తమ్ముడు, వచ్చి ఐదు నెల్లు కూడ కాలే, గొప్పగ చెప్పిండు. శనివారం, ఆదివారం ఒకాయన దగ్గర చేతికి పైసలు తీసుకొని టైల్స్ వేస్తున్నడంట. మధ్యల రెస్ట్ కూడ తీసుకోడంట. "అందుకే ఆ సేటు నన్నే పిలుస్తడు" అన్నడు. అందరు శెబాష్ అన్నరు.

నేనేం అనలే. వాళ్లు పెట్టిన బువ్వ తింటూ వాళ్లతోనే కొట్లాడుడు మంచిగుండదని ఊకున్న. ఇప్పుడు రాస్తున్న.

నన్ను తెల్వనోళ్లకు: పదో తరగతి దాకా చదివిన. మాది జగిత్యాల దిక్కు. సెంట్రింగ్ పనితో మొదలుపెట్టి, గల్ఫ్‌ల పదమూడేండ్లు చేసి, అక్కడే ఫోర్‌మెన్ అయిన. ఇక్కడికి ఎట్ల వచ్చిన, కాగితాల కథ ఏంది అన్నది ఇంతకుముందే రాసిన, మళ్ల అడగకండి.

ముందు ఆదివారం సంగతి. నేనొచ్చిన మొదటి ఆదివారం ఇంట్ల బియ్యం లేవు. శనివారం అలసిపోయి పండుకున్న. పొద్దున లేచి పోతే సూపర్ మార్కెట్లన్నీ మూత, టర్కీ వాళ్ల దుకాణం కూడ మూత. పెట్రోల్ బంకుల బ్రెడ్డు కొన్న, డబల్ రేటు. ఆ రోజు నేను కూడ బూతులే తిట్టిన. తర్వాత తెలిసింది, ఇది ఏదో ఊరి కట్టుబాటు కాదు, వాళ్ల రాజ్యాంగంల ఉంది. 1919ల వైమార్‌ల రాసుకున్న రాజ్యాంగంల 139వ ఆర్టికల్, ఆదివారం పని బందు, మనిషికి విశ్రాంతి, మనసుకు నెమ్మది అని. యుద్ధమైనంక 1949ల కొత్త రాజ్యాంగం రాసుకున్నప్పుడు ఆ మాటను అట్లనే తెచ్చి పెట్టుకున్నరు. పెట్రోల్ బంకులు, రైల్వే స్టేషన్ల షాపులు, పొద్దుగాల కొద్దిసేపు బేకరీలు, గంతే. గోడకు డ్రిల్లు పెడితే పక్కింటోళ్లు వచ్చి బెల్లు కొడతరు. ఖాళీ గాజు సీసాలు వేసే డబ్బా మీద కూడ ఆదివారం వేయొద్దని రాసుంటది, చప్పుడైతదని.

ఉప్పు దొరకలేదని ఏడ్చే తమ్మీ, ఆ ఉప్పు ప్యాకెట్‌కు బిల్లు కొట్టే ఆడమనిషి గురించి ఎన్నడన్న ఆలోచించినవా? మా మరదలు హైదరాబాదుల బట్టల షోరూంల చేస్తది. ఆదివారమే గిరాకి, కాబట్టి ఆమెకు సెలవు మంగళవారం. పిల్లలకు ఆదివారం. మా తమ్మునికి డ్రైవింగ్, ఎప్పుడు సెలవో వానికే తెల్వది. నలుగురు కలిసి ఇంట్ల కూసొని తినే రోజు నెలకు ఒక్కటి కూడ రాదు. ఇక్కడ ఆ బిల్లు కొట్టే ఆమె ఆదివారం పిల్లలను తీస్కొని పార్కుకు పోతది. నీకు శనివారం సాయంత్రం ఉప్పు కొనుడు యాదికుంచుకోవడం అంత కష్టమా?

ఇగ రెస్ట్ సంగతి. మా సైటుల పొద్దున తొమ్మిదికి పని ఆగుతది. ఈ దిక్కు దాన్ని ఫెస్పర్ అంటరు. అందరు కంటైనర్ల కూసొని బట్టర్ బ్రెట్జెల్, సాసేజి తింటరు. పగలు మళ్ల తిండికి ఆగుతరు, ఎదురుపడ్డ ప్రతోడు "మాల్‌సైట్" అంటడు, భోజనం వేళ అన్నట్టు, అదే నమస్కారం. నేను వచ్చిన రెండో వారం, మెప్పు పొందుదామని తొమ్మిదికి ఆగలే. షట్టరింగ్ కొడుతూనే ఉన్న. మా పోలియర్, అంటే సైటు పెద్ద మేస్త్రి, అరవైకి దగ్గరున్న మనిషి, వచ్చి నా చేతిల సుత్తె తీసుకున్నడు. అరవలే. నాకప్పటికి భాష సరిగ రాదు, ఒక టర్కీ ఆయన ఇంగ్లీషుల చెప్పిండు: "ఈ రోజు నువ్వు ఆగకుంటే, రేపు మాలిక్ వీళ్లను అడుగుతడు, వాడు ఆగలేదు కద, మీరెందుకు ఆగుతున్నరని. నువ్వు చేసేది ఎక్కువ పని కాదు, వీళ్ల రెస్ట్ దొంగతనం."

దొంగతనం అన్నడు. ముఖం మీద కొట్టినట్టయింది. ఇరవై ఏండ్ల సర్వీసుల నన్ను ఎవరు అట్ల అనలే. ఎక్కువ చేసినోన్ని మనం మెచ్చుకుంటం గని, దొంగ అని ఎవరంటరు?

చట్టం కూడ అదే చెప్తది. ఆరు గంటలు దాటితే అరగంట, తొమ్మిది గంటలు దాటితే ముప్పావు గంట ఆగాల్సిందే. రోజుకు ఎనిమిది గంటలు, అవసరం పడితే పది, అది కూడ తర్వాత సర్దాలె. ఒక డ్యూటీ దిగినంక ఇంకోటి ఎక్కేదానికి మధ్యల పదకొండు గంటలు ఖాళీ ఉండాలె. పని దిగే వేళను వాళ్లు ఫయరాబెండ్ అంటరు. ఆ మాటను విడగొడితే పండుగ సాయంత్రం అని అర్థం. రోజూ పని అయిపోయిన వేళకు పండుగ పేరు పెట్టుకున్నోళ్లు వీళ్లు. మనం క్యాంపుల దానికి ఏం పేరు పెట్టుకున్నం? "ఓటీ ఉందా లేదా?" గంతే.

ఇప్పుడొక మాట చెప్పాలె. ఇది ఎవరికి చెప్పలే, ఇంట్ల కూడ చెప్పలే. 2013 ఎండకాలం, దుబాయ్ దిక్కు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పగటి పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండల పని చేయించొద్దని అక్కడ రూలు. స్లాబ్ తేదీ దగ్గరికొచ్చింది. రాడ్ బెండింగ్ చేసే జాగ మీద టార్పాలిన్ కప్పించి, "నీడనే కద" అని మనోళ్లతో పని చేయించిన. ఇంజనీర్ చెప్పలే, కంపెనీ చెప్పలే. నేనే. నా మెప్పు కోసం. సిరిసిల్ల దిక్కు పోరడు, ఇరవై నాలుగేండ్లు, మూడో రోజు రాడ్ల మీదనే పడ్డడు. బతికిండు. కాని కిడ్నీలు దెబ్బతిన్నయని డాక్టర్లు అన్నరు, రెండు నెల్లకు ఇంటికి పంపిండ్రు. రిపోర్టుల "నీళ్లు సరిగ తాగలేదు" అని రాసింది ఈ చెయ్యే. ఇప్పటికి వాళ్ల ఊరి మీదుగ బస్సు పోతే నేను కిటికీల నుంచి బయటకు చూడ.

ఆ పోలియర్ అప్పుడు అక్కడ ఉండి నా చేతిల కాగితం గుంజుకుంటే బాగుండు అనిపిస్తది. కాబట్టి తొమ్మిదికి పని ఆపే మనిషిని సోమరి అని నా ముంగట అనకండి.

జ్వరం సంగతి మీకు నమ్మకం కాదు, నాకు కూడ కాలే. పోయిన చలికాలం నాకు దగ్గు, జ్వరం. మాత్ర వేసుకొని సైటుకు పోయిన, మన అలవాటు. పోలియర్ చూసి ఇంటికి పొమ్మన్నడు. పైసలు కోస్తరేమో అని నా భయం. కొయ్యలే. కొలువుల చేరి నాలుగు వారాలు దాటిందంటే, జబ్బు పడితే ఆరు వారాల దాకా మాలికే పూర్తి జీతం ఇయ్యాలె, తర్వాత ఇన్సూరెన్సోళ్లు కొంత ఇస్తరు. ఇంకో వింత చెప్త, నవ్వకండి. సెలవుల ఉన్నప్పుడు జబ్బు పడి డాక్టర్ చిట్టి చూపిస్తే, ఆ రోజులు సెలవుల లెక్కల నుంచి తీసేస్తరు. ఎందుకంటే సెలవు అంటే రెస్ట్ కోసం, జబ్బు అంటే రెస్ట్ కాదు. గల్ఫ్‌ల రెండేండ్లకొకసారి ఇంటికి పోయి, అక్కడ డెంగ్యూ తెచ్చుకొని, మంచంల పండుకొనే తిరుగు టికెట్ చూసుకున్నోన్ని నేను. ఇది విన్న రోజు చాలాసేపు ఊకనే కూసున్న.

మరి వీళ్లు అంత మంచోళ్లా? అదే చెప్పొస్తున్న, కాదు. ఏ మాలికైనా మాలికే. ఇవన్నీ ఎవరో దయ తలచి ఇయ్యలే. ఎనిమిది గంటల పని 1918 చివర్ల, దేశంల తిరుగుబాటు లేసినప్పుడు వచ్చింది. శనివారం సెలవు కోసం 1956 మే డేకు వీళ్ల యూనియన్లు ఒక పోస్టర్ వేసినయి. దాని మీద ఒక చిన్న పిల్లగాడు, "శనివారం మా నాయిన నావోడు" అని. కోపం లేదు, జెండా లేదు, ఒక పిల్లగాని మాట. నా బిడ్డకు ఇప్పుడు పదిహేడు. అందుల నేను ఇంట్ల ఉన్న రోజులు లెక్కపెడితే రెండేండ్లు కూడ కావు. ఆ పోస్టర్ చూసి నేనేమైన్నో రాయను. 1984ల వారానికి ముప్పై ఐదు గంటలు కావాలని లోహం పనోళ్లు ఏడు వారాల దాకా సమ్మె చేసిండ్రు, అది మా స్టుట్‌గార్ట్ దిక్కే. మనం ఈ రోజు నాలుగింటికి ఇంటికి పోతున్నమంటే ఆళ్లు అప్పుడు జీతం పోగొట్టుకొని నిలబడ్డరు గనుక.

మనలాంటోళ్ల కథ కూడ ఉంది ఇందుల. 1961ల టర్కీతో ఒప్పందం చేసుకొని పనోళ్లను తెచ్చుకున్నరు, చెడ్డ పనులు, తక్కువ గదులు వాళ్లకే. 1973 ఆగస్టుల కొలోన్‌ల ఫోర్డ్ ఫ్యాక్టరీల, ఊరికి పోయి ఆలస్యంగ తిరిగొచ్చిండ్రని మూడు వందల మంది దాకా టర్కీ వాళ్లను తీసేసిండ్రు. అంత దూరం పోయి రావాలంటే సెలవు చాలదయ్యా అని మిగిలినోళ్లు సమ్మె చేసిండ్రు. పోలీసులొచ్చిండ్రు, సమ్మె విరిగింది, జర్మనోళ్లల్ల శానామంది వాళ్లకు తోడు రాలే. సెలవు మీద పోయి లేటైతే ఏమైతదో గల్ఫోళ్లకు నేను చెప్పాల్నా? ఈ రోజు బిల్డింగ్ పనోళ్లకు ఏడాదికి ముప్పై పని దినాల సెలవు. మాలిక్ మారినా ఆ సెలవు పోకుండ సోకా-బౌ అనే ఫండుల జమైతది, ఇంటికి కాగితం వస్తది.

ఊడ్చుడు ముచ్చట కూడ చెప్పాలె, ఆ రోజు దాని మీద మస్తు నవ్విండ్రు. ఈ ష్వాబియా దిక్కు కేర్‌వోఖె అని ఉంటది, ఊడ్చే వారం. తలుపుకు చిన్న పలక తగిలిస్తరు, ఆ వారం మెట్లు, ముంగటి బాట ఊడ్చుడు నీ వంతు. నా పై అంతస్తుల ఒక డాక్టరమ్మ ఉంటది. ఆమె వారం ఆమే ఊడుస్తది, నా వారం నేను. మెట్ల మీద ఎదురైతే చీపురు పట్టుకొనే మాట్లాడుకుంటం. "పనిమనిషిని పెట్టుకునే తాహతు లేదా వీళ్లకు" అని మనోళ్లు నవ్విండ్రు. మన ఊర్ల ఎవరు ఊడ్వాలె, ఎవరు కూసోవాలె అన్నది పుట్టకముందే రాసిపెట్టినం. అది మనకు సిగ్గనిపియ్యదు, డాక్టర్ ఊడిస్తే మాత్రం నవ్వొస్తది. ఇక్కడ సుతారి పనికి మూడేండ్ల చదువుంటది. పై పరీక్ష రాసి మైస్టర్ అయితే ఆ పట్టాను డిగ్రీతో సమానం లెక్క కడతరు. మా ఊర్ల "పది ఫెయిలైనోడే మేస్త్రి అయితడు" అంటరు కద, గుర్తుందా?

బాధలు లేవా అంటే ఉన్నయి. అన్నీ పోస్టుల వచ్చే కాగితాలే, ఒకటి చదవక పక్కన పెడితే రెండోది జుర్మానాతో వస్తది. ఇల్లు దొరకాలంటే చెప్పులు అరగాలె. రెండేండ్లాయె, "తిన్నవా?" అని అడిగిన జర్మన్ ఒక్కడు లేడు. సబ్ కాంట్రాక్టర్ కింద సబ్ కాంట్రాక్టర్, నాలుగో మెట్టు మీదున్నోనికి జీతం ఎగ్గొట్టుడు ఇక్కడ కూడ ఉంది, కండ్లార చూసిన. ఎగ్గొట్టేది ఎవరిని? గంటలు రాసుకోనోన్ని, రెస్ట్ వద్దనేటోన్ని, "సేటు నన్నే పిలుస్తడు" అని మురిసేటోన్ని.

టైల్స్ తమ్మీ, ఇది నీకే. 2025ల గంటకు 12.82 యూరోలకు తక్కువ ఇయ్యొద్దని చట్టం ఉండె. నీకు ఎనిమిదిస్తున్నడు, నువ్వే చెప్పినవ్. నిచ్చెన మీదికెళ్లి పడితే నిన్నెన్నడు చూడలేదంటడు, నువ్వు అక్కడ పని చేసినవనే రుజువేది? దొంగ పని చూసేది ఇక్కడ కస్టమ్స్ వాళ్లు, త్సోల్ అంటరు, వాళ్లొస్తే సేటు జుర్మానా కట్టి బయటపడతడు, నీ వీసాకే ఎసరు. అంతకన్న పెద్దది, నువ్వు ఎనిమిదికి చేస్తుంటే చట్టం చెప్పిన కూలి అడిగేటోన్ని ఎవడు పిలుస్తడు?

ఒక నోటుబుక్కు కొనుక్కో. తేదీ, వచ్చిన గంట, పోయిన గంట, ఆగిన టైము, పక్కన ఎవరున్నరు, రోజూ రాయి. మనలాంటి బయటి దేశాలోళ్లకు ఫైరె ఇంటిగ్రాసియోన్ అనే సలహా ఆఫీసులున్నయి, అన్ని రాష్ట్రాల్ల ఉన్నయి, పైస తీసుకోరు. భాష రాకపోతే నేనొస్త నీతోటి, శుక్రవారం పగటికే మాకు పని అయిపోతది.

తిట్టేటోళ్లు తిట్టండి. ఇయ్యాల శనివారం, నా ఊడ్చే వంతు ఇంకా మిగిలుంది. రేపు ఆదివారం, నాకు ఏ పని లేదు, ఒక్కొక్కరికి కూసొని జవాబిస్త.