వ్రాత లేని లెక్క



మహాభారత సభాపర్వమున నారదమహర్షి ధర్మరాజు కొలువునకు వచ్చి పెక్కు కుశలప్రశ్నల నడిగెను. గణకులును లేఖకులును ప్రతిదినము ప్రొద్దుటనే నీ ఆయవ్యయములను లెక్కకట్టి చూపుచున్నారా యనునది వానిలో నొకటి. చిన్ననాట మా తండ్రిగారు ఈ ఘట్టము చదివించినపుడు, మహర్షికి చిట్టాపద్దులతో నేమి పని యని నేను నవ్వితిని. ఆ నవ్వు తప్పని తెలియుటకు నాకు ఇన్నియేండ్లు పట్టినది.

మా యూరి బడిలో మధ్యాహ్నభోజనము వండు పొదుపుసంఘపు స్త్రీ యొకతె, ఒకనాటి సాయంకాలము వచ్చి మా అరుగుమీద కూర్చుండెను. ఆమె చెవులకు కమ్మలు లేవు. "అమ్మగారూ, రెండునెలల బిల్లులో కోత పెట్టినారు. మేము వండిపెట్టిన పిల్లల కంటె తక్కువమంది లెక్కకు వచ్చినారట. కొట్టు బాకీకి కమ్మలు తాకట్టు పెట్టినాను" అని చెప్పెను.

"ఏనా డెందరు తినిరో నీవు వ్రాసియుంచితివా, అమ్మా?" అని యడిగితిని.

"వ్రాయలేదు గాని, నాకు నోటి కున్నదమ్మగారూ" అని, తిథివారములతో గడగడ చెప్పెను. ఆ లెక్కలో అసత్యము లేదని నా మనస్సునకు తోచినది. కాని కార్యాలయములో వారు విన్నంతసేపు విని, కాగితము చూపుమనిరట. ఆమెయొద్ద కాగితము లేదు. ఆ సొమ్ము నేటికిని రాలేదు.

కాంట్రాక్టరనగానే రోడ్లు వేయించువాడో, వంతెన కట్టించువాడో మన కన్నులకు కట్టును. కాని ప్రభుత్వమువారి బడికి వండిపెట్టు స్త్రీయు, పిల్లల యూనిఫారములు కుట్టియిచ్చు స్త్రీయు ఆ కోవలోని వారే. పెద్దవానికి గుమాస్తా యుండును. ఈమెకు తన చేతివ్రాతయే గుమాస్తా. కావున పనికి ముందే కొన్ని మాటలు వ్రాసికొనవలెను. ఏమి చేయవలెనో చెప్పునది నియమము; ఎవరు, ఎప్పుడు, ఎట్లు చేయవలెనో చెప్పునది పద్ధతి. "సరకు తూచి తీసికొనవలెను" అనుట నియమము. "బస్తా దిగిన వెంటనే ఇద్దరము కలిసి తూచి, తక్కువైనచో ఆ తక్కువను చీటీమీద వ్రాసి, ఆ తరువాతనే సంతకము చేయవలెను" అనుట పద్ధతి.

ఆమెయు నేనును కూర్చుండి ఒక చిన్న పుస్తకమున వ్రాసికొన్న వానిని మీకును చెప్పెదను.

మొదటిది, పొయ్యి వెలిగించుటకు ముందు ఆనాటి హాజరుసంఖ్యను పుస్తకమున వ్రాసి ప్రధానోపాధ్యాయులచేత సంతకము చేయించుకొనుట. కేంద్రప్రభుత్వపు కొలత ప్రకారము ప్రాథమికతరగతుల బిడ్డకు దినమునకు 100 గ్రాముల బియ్యము, 20 గ్రాముల పప్పు. 6 మొదలు 8వ తరగతి వరకు 150 గ్రాముల బియ్యము, 30 గ్రాముల పప్పు. చిన్నతరగతులలో 60 మంది వచ్చిననాడు 6 కిలోల బియ్యము, ఒక కిలో 200 గ్రాముల పప్పు వండవలెను. ద్రౌపదీదేవికి అక్షయపాత్ర యుండెను గనుక కాటాతో పని లేకపోయెను. మనకు కాటాయే గతి.

రెండవది, అన్నిటికంటె ముఖ్యమైనది. 2013వ సంవత్సరము జూలై 16వ తేదీన బీహారు రాష్ట్రమున సారణ్ జిల్లాలోని ఒక పల్లెబడిలో మధ్యాహ్నభోజనము తిని 23 మంది పసిబిడ్డలు మరణించిరి. వంటనూనెలో పురుగులమందు కలిసినదని పరీక్షలలో తేలినది. నూనె తేడాగా నున్నదని వంటమనిషి ముందే చెప్పినను, ఆమె మాట చెల్లలేదని నాటి వార్తలలో వచ్చినది. కావున మా పుస్తకమున నిట్లు వ్రాసితిమి: "వాసనయో రంగో మారినదని మాలో ఏ ఒక్కరికి తోచినను వంట ఆపవలెను. ఆపినవారిని ఎవరును తప్పుపట్టరాదు. మందుల డబ్బా వంటింటి గడప దాటరాదు." అధికారము లేని మనిషి మాటకు వ్రాత బలమిచ్చును. పిల్లలకు వడ్డించుటకు ముందు ఉపాధ్యాయులలో నొకరు రుచిచూడవలెనను నిబంధన కలదు. రుచి చూచినవారి సంతకమును, వేళయును ఆ పుటలోనే పడవలెను.

మూడవది, బిల్లు రెండు ప్రతులు వ్రాసి, ఒకదానిమీద అందినదని తేదీతో సంతకము తీసికొనుట. కుట్టుపని మొదలగు వానిలో చిన్నపరిశ్రమగా నమోదైన సోదరీమణులకు ఈ తేదీ బంగారము వంటిది. 2006వ సంవత్సరపు చట్టము ప్రకారము, వ్రాతపూర్వకమైన ఒప్పందమున్నను, సరకు నంగీకరించిన దినము మొదలు 45 దినములు మించి చెల్లింపు నాపరాదు. ఆపినచో రిజర్వుబ్యాంకు రేటునకు మూడురెట్లు చక్రవడ్డీ యీయవలెను. సరకు అందిన 15 దినములలో వ్రాతమూలకముగా అభ్యంతరము రాకున్నచో, అందిన దినముననే అంగీకరించినట్లు చట్టము భావించును. అందినదని చీటీ లేనియెడల ఈ దినములను ఎక్కడనుండి లెక్కింతుము?

ఒక హెచ్చరిక. ఇతరుల పుస్తకమును చూచి నలువది పుటలు ఎక్కించుకొనకుడు. చేయని పనిని చేయుదుమని వ్రాయుట, అసలు వ్రాయకుండుటకంటె కీడు. తనిఖీకి వచ్చినవారు మీ మాటతోనే మిమ్ము పట్టుకొందురు. చేయునదే వ్రాయుడు, వ్రాసినదే చేయుడు. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున లెక్కలను ఆషాఢమాసమున ఒప్పగింపుమనెను. మన బడులును ఇంచుమించు ఆ దినములలోనే తెరచెదరు గనుక, ఏటేట అప్పుడొకసారి పుస్తకమును తిరిగిచదివి దిద్దుకొనుట మంచిది.

ఆమె కమ్మలు ఇంకను కొట్టులోనే యున్నవి. అయినను క్రిందటినెల బిల్లులో కోత లేదు. పుస్తకమును పప్పుడబ్బాల ప్రక్కన మేకునకు వ్రేలాడదీసి, ప్రతిదినము పొయ్యి వెలిగించకముందే దానిని తెరచుచున్నది. నారదమహర్షి అడిగిన వేళయు ప్రొద్దుటి వేళయే కదా!