చూచివ్రాత చాలదు

ఆదివారపు బడిలో తొమ్మిదేండ్ల బాలుడొకడు తన పుస్తకమును మాకు చూపెను. అక్షరములు ముత్యములవలె నుండెను. “నాయనా, నిన్న మీ యింట నేమి జరిగినదో రెండు పంక్తులు వ్రాయుము” అంటిమి. వాడు కలము పట్టుకొని చాలసేపు కూర్చుండి, తుదకు నల్లబల్లవైపు చూచెను. అచ్చట నేమియు వ్రాసియుండలేదు.

దోషము వానిది కాదు. ఒరుల మాటలను చూచి వ్రాయుటయే మనము నేర్పితిమి. తన మాటను వ్రాయుట నేర్పలేదు. చూచివ్రాతవలన చేయి కుదురును, కాదనము. అంతటితో నిలిచిపోవుటయే మాకు సమ్మతము కాదు.

మలయా రాష్ట్రములలో 1923 నాటి కార్మికశాసనము, బడియీడు పిల్లలు పదిమందియున్న తోటలో యజమాని బడి పెట్టవలెనని విధించెను. ఆ బడులలో పెక్కింట తమిళమే బోధింపబడెను. నేడును మన పిల్లలు పగటిబడిలో ఇతర భాషలే వ్రాయుచున్నారు. తెలుగువ్రాతకు మిగిలినది ఆదివారపు గంటయు, మన యింటి అరుగును మాత్రమే. చదువురాని మన తాతలు ఊరికి ఉత్తరము వ్రాయించుకొనుటకు ఒరుల గడప త్రొక్కిరి. ఇంటి గుట్టంతయు అన్యుని చెవిని వేయవలసి వచ్చెను. ఆ గతి మరల మన బిడ్డలకు పట్టవలెనా?

తల్లులారా, మీకు అక్షరములు రాకున్నను ఈ పని మీరు చేయగలరు. రోమీయులకు పంపిన పత్రికను పౌలు చెప్పగా తెర్తియు వ్రాసెను గదా. మీరు చెప్పుడు, బిడ్డ వ్రాయును. మరియొకనాడు బిడ్డనే అడుగుడు: “ఏమి చూచితివి? తరువాత నేమైనది?” వాడు నోట చెప్పినదే కాగితముపై పెట్టవలెను. పిమ్మట దానిని పైకి చదివింపుడు. “పాలు” అనబోయి “పలు” అని, “అమ్మ” అనబోయి “అమ” అని వ్రాసియున్నచో, చదువునప్పుడు తన చెవియే వానిని పట్టుకొనును. ఉపాధ్యాయులు ఒక వారము దీర్ఘములను మాత్రమే దిద్దుదురు గాక. వత్తులు మరుసటి వారము. పుటయంతయు ఎఱ్ఱసిరాతో నింపిన, ఆ బిడ్డ మరల కలము ముట్టడు.

సంతను “పసార్” అని వ్రాసెనని కొట్టివేయువారు కొందరు గలరు. బడిలో వాడుకభాషకు చోటీయవలెనని గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) జీవితాంతము వాదించిరి. గ్రాంథికమున వ్రాయుచు మేమీ మాట చెప్పుట వింతగా తోచవచ్చును. ముసలివారి అలవాటు మానదు. బిడ్డకు ముందు ఇంటిమాట రానిండు.

టెలిఫోనుండగా ఉత్తర మేల యని అడుగుదురు. మాటలాడుకొనుడు, వలదనము. అయినను నాయనమ్మ చెప్పిన ఊరిపేరు, ఓడప్రయాణపు కథ, ఆమె పిదప ఎవరి నడిగి తెలిసికొందురు?

వచ్చు ఆదివారమునకు ప్రతి బాలుడును, ప్రతి బాలికయు బంధువులలో నొకరికి ఉత్తరము వ్రాసి తేవలెను. అయిదు పంక్తులు చాలును. తప్పులున్నను సరే, పెద్దలు మాత్రము కలము పట్టరాదు.