గృహవ్యయము: ఆటపెట్టె వెల



ఈ శీర్షికయందు సాధారణముగ పప్పుదినుసుల నిలువను గూర్చియు, పాలలెక్కను గూర్చియు వ్రాయుచుండు నేను, ఈ మాసమున పిల్లల ఆటపెట్టెను గూర్చి వ్రాయబూనుట చూచి మీలో కొందరు నవ్వవచ్చును. కాని టెలివిజనునకు తగిలించి యాడుకొను వీడియో ఆటల యంత్రము, పిల్లలు కన్సోలు అని పిలుచునది, నేడు మధ్యతరగతి యింట కొను వస్తువులలో చిన్నది కాదు. బట్టలుతుకు యంత్రమునకు పెట్టునంత సొమ్ము దానికిని పెట్టవలసియున్నది. బట్టలుతుకు యంత్రము కొనునపుడు పదిమందిని విచారించు మనము, దీని విషయమున మాత్రము పిల్లవాని పోరు పడలేక కొనుటయో, విసిగి కాదనుటయో చేయుచున్నాము. ఆ రెండును విచారించి చేసిన పనులు కావు.

నన్ను ఈ విచారణకు పురికొల్పినది నా తప్పే. 2021 వ సంవత్సరము ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ 5 అను యంత్రము మన దేశమున అమ్మకమునకు వచ్చెను. డిస్కు పెట్టుకొను వీలుగల దాని వెల 49,990 రూపాయలు. ఆ వీలు లేని దాని వెల 39,990 రూపాయలు. అప్పటికి మా అబ్బాయికి పదియేండ్లు. వాడు తనకది కావలెనని యడుగగా, “నాయనా, క్రొత్తగా వచ్చిన వస్తువు ఎప్పుడును ప్రియముగనే యుండును. రెండేండ్లు ఓపికపట్టుము. వెల తగ్గును, అప్పుడు కొందము” అంటిని. వాడు మారు పలుకలేదు. సంక్రాంతికి తాతగారిచ్చినది, పుట్టినరోజునకు మేనమామ యిచ్చినది ఒక డబ్బాలో వేసికొనుచు, మూతమీద లెక్క వ్రాసికొనుచు వచ్చెను. 2022 వ సంవత్సరము చివర ఆ యంత్రము వెల 54,990 రూపాయలైనది. ఆ రాత్రి వాడు డబ్బా తెచ్చి నా ముందుంచి, “అమ్మా, నీవు ఆగుమంటివి, ఆగితిని. ఆగినందుకు అయిదువేలు ఎక్కువైనది” అనెను. నాకు నోట మాట రాలేదు.

నేను చెప్పినది ఉత్త బుకాయింపు కాదు. నాకు తెలిసిన లోకమున ఆ యంత్రముల వెల తగ్గుచునే వచ్చినది. ఆ లోకము ఎప్పుడు మారెనో, ఏల మారెనో తెలిసికొనవలెనని పాత వెలలన్నియు ప్రోగుచేసితిని. అవి మీకును ఉపయోగించునని తలచి యిచ్చట వ్రాయుచున్నాను.

ఇంట నాడుకొను ఇట్టి యంత్రములలో మొదటిది 1972 లో అమెరికాలో వచ్చిన మాగ్నవాక్స్ ఒడిస్సీ. దాని వెల సుమారు 100 డాలర్లు. 1977 లో అటారి కంపెనీవారి యంత్రము సుమారు 200 డాలర్లకు వచ్చెను. ఒక్కొక్క ఆటకు ఒక్కొక్క కాసెట్టు మార్చి పెట్టుకొను పద్ధతి దీనితో బాగుగ వ్యాపించెను. లాభము జూచి అనేకులు నాసిరకపు ఆటలు గుప్పించుటచే 1983 లో అమెరికాలో ఆ వ్యాపారము కూలిపోయెను. ముప్పది డాలర్లకు పైబడి అమ్మిన కాసెట్లను అయిదు డాలర్లకు అంగళ్లలో బుట్టలయందు పోసి యమ్మిరి. చవుకయైన ప్రతిదియు లాభసాటి కాదనుటకు ఇది యొక నిదర్శనము.

అదే సంవత్సరము జపానులో నింటెండో కంపెనీవారు ఫామికాం అను యంత్రమును 14,800 యెన్నులకు అమ్మజొచ్చిరి. దానికి నకళ్లుగా తయారైన యంత్రములే 1990 ప్రాంతముల తరువాత మన పట్టణములలోని ఇండ్లకు వచ్చినవి. మా తమ్ముడు ఆడుకొన్నది అట్టిదే. “9999 ఆటలు” అని కాసెట్టుమీద అచ్చువేసి యుండెడిది; లోపల చూడగా కొన్ని ఆటలే మరల మరల పేర్లు మార్చుకొని వచ్చుచుండెడివి. మా అమ్మ అది చూచి, “కూర యొకటే, గిన్నెలు పది” అనెడిది.

పిమ్మట వచ్చిన యంత్రముల వెలలు అమెరికాలో ఇట్లుండెను. 1991 లో నింటెండోవారి సూపర్ యంత్రము 199 డాలర్లు. 1993 లో త్రీడీవో అను యంత్రము 699 డాలర్లకు వచ్చి, కొనువారు లేక కొద్దికాలములోనే మూలబడెను. 1995 లో సెగా కంపెనీవారు తమ సాటర్న్ యంత్రమునకు 399 డాలర్లు వెల పెట్టగా, సోనీవారు తమ మొదటి ప్లేస్టేషన్‌ను 299 డాలర్లకే ఇచ్చెదమని ప్రకటించి మార్కెట్టును గెలిచిరి. 2000 లో ప్లేస్టేషన్ 2 కును 299 డాలర్లే. 2006 లో ప్లేస్టేషన్ 3 రకమునుబట్టి 499, 599 డాలర్లకు రాగా, అదే సంవత్సరము నింటెండోవారి వీ యంత్రము 249 డాలర్లకు వచ్చి చిన్నలను పెద్దలను ఆకర్షించెను. 2013 లో ప్లేస్టేషన్ 4 వెల 399 డాలర్లు. 2020 లో ప్లేస్టేషన్ 5 వెల 499 డాలర్లు.

పైకి చూడగా వెల పెరుగుచునే యున్నట్లు తోచును. కాని నేతివెలను మన అమ్మమ్మల నాటి రూపాయలతో పోల్చరాదు గదా! డాలరును అట్లే. 1977 నాటి 200 డాలర్లు 2024 నాటి లెక్కకు 1,000 డాలర్లకు మించును. 1991 నాటి 199 డాలర్లు సుమారు 460. 2000 నాటి 299 డాలర్లు సుమారు 545. 2020 నాటి 499 డాలర్లు సుమారు 600. కావున మూడు దశాబ్దములుగా, ప్రజలు మెచ్చి కొన్న యంత్రముల మొదటి వెల నిజముగ చాల పెరిగినదని చెప్ప వీలులేదు.

ఆటల వెల మరియు వింతగా నున్నది. 1990 ప్రాంతమున ఒక కాసెట్టునకు అమెరికాలో సుమారు 50 డాలర్లు; కొన్నింటికి 70 కూడ పెట్టవలసివచ్చెను. కాసెట్టు లోపలి చిప్పులు ఖరీదైనవి, అందుపై యంత్రము చేసిన కంపెనీకి ఆటలు చేయువారు సుంకము చెల్లింపవలెను. సి.డి. వచ్చిన తరువాత అచ్చువేయు ఖర్చు మిక్కిలి తగ్గి, ప్లేస్టేషన్ ఆటలు 40, 50 డాలర్లకు దిగెను. 2005 మొదలు 60 డాలర్లు, 2020 మొదలు 70 డాలర్లు, 2025 లో నింటెండోవారి యొక ఆటకు 80 డాలర్లు అయ్యెను. అయినను 1990 నాటి 50 డాలర్లు 2024 లెక్కకు 120 డాలర్లగును. అనగా ఆట వెల నిజముగ తగ్గినదన్నమాట.

“అట్లయిన మనకు చవుకయే గదా” అని మీరనవచ్చును. అచ్చటనే మెలిక యున్నది. ఈ లెక్క డాలర్లు సంపాదించువారికి చెల్లును. 1995 లో డాలరునకు సుమారు 32 రూపాయలు. 2020 లో సుమారు 74 రూపాయలు. డాలర్లలో వెల కదలకున్నను, మన చేతి రూపాయలలో రెట్టింపునకు మించును. ప్లేస్టేషన్ 5 వచ్చిన క్రొత్తలో సోనీవారి క్రొత్త ఆట యొకదానికి మన దేశమున 4,999 రూపాయలు పెట్టవలసివచ్చెను. అట్టివి పది కొన్నచో యంత్రము వెల మరల చెల్లించినట్లే.

ఇక నా తప్పునకు మూలమును చెప్పెదను. పూర్వము ఒక తరపు యంత్రము వచ్చిన తరువాత ఏటేట దాని వెల తగ్గుచుండెడిది. ప్లేస్టేషన్ 2 వెల 2000 లో 299 డాలర్లు, 2002 లో 199, 2004 లో 149, 2009 లో 99 డాలర్లు. దాని కారణము తెలిసికొనదగినది. లోపలి చిప్పులను సంవత్సరము గడచినకొలది చిన్నవిగా, తక్కువ ఖర్చుతో చేయగలిగిరి. మరియు కంపెనీలు యంత్రమును కొన్ని సమయములందు నష్టమునకైనను అమ్మి, ఆటలమీద ఆ సొమ్ము రాబట్టుకొనెడివి. దీపమును చవుకగా నిచ్చి చమురులో లాభము తీయుట వంటిది. అందువలననే ప్లేస్టేషన్ 2 పదిహేను కోట్ల ఇండ్లకు పైగా చేరగలిగెను. మన హైదరాబాదు కంపెనీ యొకటి బాలహనుమంతుని కథతో 2009 లో ఆట తయారుచేసినదియు ఆ యంత్రమునకే. దానికప్పటికి తొమ్మిదియేండ్ల వయస్సు. అయినను మన దేశమున అదియే అందుబాటులోనున్న యంత్రము.

ప్లేస్టేషన్ 5 నాటికి ఆ మార్గము మూసికొనిపోయెను. చిప్పులను ఇంకను చిన్నవి చేయుట మిక్కిలి ఖర్చుతో కూడిన పనియైనది. 2020 తరువాత రెండేండ్లు లోకమంతట చిప్పుల కరవు ఏర్పడెను. 2022 ఆగస్టులో సోనీవారు ధరల పెరుగుదలను, నాణెముల మారకపు రేట్లను కారణముగ చూపి, యూరోపు, జపాను మొదలగు చోట్ల వెల పెంచిరి. కొన్ని మాసములకు అది మన దేశమునకును వచ్చెను. 2025 ఆగస్టులో అమెరికాలో కూడ 50 డాలర్లు పెంచిరి. మైక్రోసాఫ్ట్ వారును తమ యంత్రముల వెలను అదే సంవత్సరము రెండుమార్లు పెంచిరి. అయిదేండ్ల పాతదైన వస్తువు క్రొత్తదానికంటె ప్రియమగుట ఈ వ్యాపారమున మునుపు కానరాని సంగతి. నిదానమే ప్రధానమని నేను నమ్మితిని. ఆలస్యము విషమగు కాలము వచ్చినదని గ్రహింపనైతిని.

ఇక వెలచీటిపై కనబడని ఖర్చులను గూర్చి ఒక్కమాట. 2013 లో వచ్చిన ప్లేస్టేషన్ 4 మొదలు, దూరముననున్న స్నేహితులతో చాల ఆటలు ఆడవలెనన్న చందా కట్టవలసియున్నది. ఉచితమని చెప్పు ఆటలలో బొమ్మలకు వేషములు, ఆయుధములు, అలంకారములు విడివిడిగా అమ్ముచుందురు. ఫోర్ట్‌నైట్ అను ఆటను నడుపు ఎపిక్ గేమ్స్ వారు, ఆడువారిచే వారి యిష్టము లేకయే కొనుగోళ్లు చేయించిరను ఆరోపణపై, 24 కోట్ల 50 లక్షల డాలర్లు తిరిగి చెల్లించుటకు 2022 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ సంఘముతో ఒప్పుకొనిరి. అసలుకంటె కొసరు ముద్దందురు. ఇచ్చట అసలుకంటె కొసరే బరువు.

కావున కొనదలచిన సోదరీమణులు ఈ క్రింది సంగతులు గమనింతురుగాక. వెల తగ్గునని సంవత్సరముల తరబడి ఆగుటవలన నేడు లాభము కనబడదు. పండుగల దినములలో కొద్దికాలము తగ్గించి యమ్ముదురు, దానికొరకు ఆగుట మేలు. యంత్రము వెలతో పాటు మూడేండ్లకు కావలసిన ఆటలు, చందా కలిపి మొత్తము వ్రాసికొని, ఆ మొత్తమును భరింపగలమా యని యోచింపవలెను. డిస్కు లేని యంత్రము వెల తక్కువని మోసపోరాదు. అందు కొన్న ఆటను స్నేహితున కెరువీయ వీలులేదు, ఆడి ముగించిన పిమ్మట అమ్మ వీలులేదు. డిస్కులున్నచో నలుగురు పిల్లలు నాలుగు కొని మార్చుకొని యాడుకొనవచ్చును, సగము వెలకు పాతవి కొననూవచ్చును. మీ క్రెడిట్ కార్డు అంకెలను యంత్రమున నిలువయుంచకుడు. కొనినప్పుడెల్ల పిల్లవాడు మిమ్ముల నడుగవలసి యుండుట మంచిది. కొననక్కరలేదని తేలినచో ఆ మాటయు లెక్క చూపియే చెప్పుడు.

మా యింట ఏమి జరిగినదో చెప్పి ముగించెదను. 2024 ఏప్రిలులో అదే యంత్రము సన్నని రూపమున మన దేశమునకు వచ్చినది. డిస్కుదాని వెల మరల 54,990 రూపాయలే. ఆ వేసవి సెలవులలో కొంటిమి. వాని డబ్బాలో 18,400 రూపాయలున్నవి. మా వారు తక్కినది ఇచ్చెదమనగా, నేను, “అందులో అయిదువేలు నేను ఇంటిఖర్చులో మిగిల్చి యిచ్చెదను. అది నా మాటవలన కలిగిన నష్టము” అంటిని. ఆ యేడు నేను చీర కొనలేదు. జమాఖర్చు పుస్తకమున ఆ మొత్తము నా పేర వ్రాసికొంటిని. మా అబ్బాయి ఆ పద్దు చదివి యేమియు అనలేదు. మరుసటి నెల తనకు సైకిలుటైరు కావలసివచ్చినపుడు మాత్రము, “అమ్మా, ఇప్పుడు కొందమా, ఆగుదమా? నీవే చెప్పు” అని మొదట నన్నే యడిగెను.